పెట్టె నడిపిన కారు

గోదావరిఖని
16 జూలై 2025

కుమార్‌కు అక్క గ్లోరియా రాయునది.

ముందు దీవెనలు, తర్వాత సంగతులు రాయడం అమ్మ మనకు నేర్పిన పద్ధతి. ఈసారి దీవెనలు చివర రాస్తాను, అప్పటికి నా కోపం తగ్గితే. అక్కా ఫోన్ ఎత్తు, అక్కా ఫోన్ ఎత్తు అని మెసేజీల మీద మెసేజీలు పెడుతున్నావు. ఎత్తను. నీ గొంతు ఫోన్లో వినబట్టే మా ఇంటికి ఈ గతి పట్టింది. అయినా ఫోన్లో నేను ఒక మాట అంటే నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. కాగితానికి అడ్డం రాలేవు గదా. కూర్చుని చదువు.

మా పక్క క్వార్టరు పోశం చనిపోయిన సంగతి నీకు తెలుసు. ఎట్లా పోయాడో నీకు తెలియదు. ఆ రోజు మీ బావ ట్రావెల్స్ కారులో ఎవరో ఆఫీసరును రామగిరి అవతల సెంటినరీ కాలనీలో దింపి ఖాళీగా వస్తున్నాడు. చెల్లెలి ఇంటికి వెళ్లి వస్తున్న పోశం రోడ్డు పక్కన కనిపిస్తే ఎక్కించుకున్నాడు. సగం దారిలో పోశానికి ఛాతీలో నొప్పి మొదలైంది. చూస్తే తారు రోడ్డు మీద ఎర్రజెండాలు పట్టుకొని బండ్లు ఆపేశారు, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు టైము. అక్కడ ఆగే వీలు లేక మీ బావ మట్టిగుట్టల మధ్య నుంచి, బొగ్గు బెల్టు కింది నుంచి పోయే కచ్చా రోడ్డు పట్టాడు. పైన వాన. కారు బురదలో దిగబడింది. ఎన్ని తిప్పలు పడ్డా రాలేదు. చివరికి ఏదో ట్రాక్టరు వచ్చి గుంజితే బయటపడి దవాఖానకు పోయారు. అప్పటికే పోశం లేడన్నారు.

ఇది మీ బావ చెప్పింది. ఇక ట్రావెల్స్ ఓనరు ఎల్లన్న చెప్పేది విను. కారు బురదలో లేనే లేదట. ఆ కచ్చా రోడ్డు దాటి, ముందుకు పోయి, కల్లు కాంపౌండు ఎదురుగా ఆగిందట. నొప్పితో కొట్టుకుంటున్న మనిషిని వెనక సీట్లో పడేసి మీ బావ తోమాసు కల్లు తాగడానికి దిగాడట. ఎవరు చూశారయ్యా అంటే, ఈస్టరుకు వచ్చినప్పుడు నువ్వు ఆ కారుకు ఊరికే బిగించి పోయావే, సిగ్నల్ పోయినా దారి చూపే పెట్టె, అది చూసిందట!

ఈ మాట పాడె లేవకముందే బస్తీ అంతా తిరిగింది. నీకు గుర్తుండే ఉంటుంది, బొగ్గుబాయిలో దెబ్బ తగిలినవాణ్ణి ఎవరు పైకి తెస్తే వాళ్లు దవాఖాన దాకా అతన్ని వదిలి కదలకూడదు. వాడు బతక్కపోతే పాడెకు మొదటి భుజం వాళ్లదే. మీ బావ నడుము పోయి బాయి పని మానేసి డ్రైవరయ్యాడు గానీ, పోశం ఆయనకు ఒకే షిఫ్టులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆ లెక్కన మొదటి భుజం పట్టడానికి ముందుకు పోయాడు. పోశం తమ్ముడు అందరూ చూస్తుండగా ఆయన చెయ్యి తీసి పక్కకు తోశాడు. మీ బావ పక్కకు జరిగి నిలబడ్డాడు.

నేను ఊరుకోలేదు. పంచాయితీ పెట్టమన్నది నేనే. కమ్యూనిటీ హాలులో ఆగయ్య కాక పెద్దమనిషిగా కూర్చున్నాడు. అప్పుడు ఎల్లన్న నీకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి అడిగాడు. "కుమారూ, సిగ్నల్ లేనికాడ గూడ నీ పెట్టె కరెక్టు చెప్తదా?" నువ్వేమన్నావు? "సిగ్నల్ ఉంటేంది, లేకుంటేంది ఎల్లన్నా! చక్రం ఎంత తిరిగింది, బండి ఎటు మల్లింది, అంత లెక్కబెడ్తది. మనిషన్నోడు అబద్ధమాడ్తడు గని మా పెట్టె ఆడది" అన్నావు. పైగా నవ్వావు. ఆ నవ్వు హాలంతా వినబడింది.

గోడకు ఆనుకొని కూర్చున్న పోశం భార్య సారలమ్మ తల ఎత్తింది. "విన్నరా? ఆయన బామ్మర్దే చెప్తుండు" అంది. ఇక ఎవరు మాట్లాడతారు? ఆగయ్య కాక కూడా తల దించుకున్నాడు. ఎల్లన్న అక్కడికక్కడే కారు తాళాలు అడిగి తీసుకున్నాడు.

నీకు సమాధానం ఉంటే రాయి.

గ్లోరియా


హైదరాబాద్
20 జూలై 2025

అక్కకు వందనాలు.

దీవెనల కోసం ఉత్తరం చివర చూశాను. లేవు. కోపం తగ్గలేదని అర్థమైంది.

అక్కా, పంచాయితీ అని నాకు ఎవరు చెప్పారు? నేను రింగు రోడ్డు మీద కారు పరీక్షలో ఉన్నాను. ఎల్లన్న ఫోన్ చేసి పెట్టె గురించి అడిగితే, తన కార్లన్నిటికీ పెట్టించుకుంటాడేమో అనుకున్నాను. కొనేవాడు అడిగితే ఎట్లా చెబుతానో అట్లాగే చెప్పాను. వెనక ఏదో సందడి వినిపించింది గానీ పెళ్లిలో ఉన్నాడేమో అనుకున్నాను. నా తప్పు ఇంతే.

అయితే పెట్టె గురించి ఒక మాట. నువ్వు దాన్ని ఎవరో పుల్లలు పెట్టే మనిషిలాగా తిడుతున్నావు. దానికి మీ మీద పగ ఏముంటుంది? కళ్లకు గంతలు కట్టి మనింట్లో నన్ను వదిలితే అడుగులు లెక్కపెట్టుకుంటూ, ఇక్కడ మంచం, ఇక్కడ మలుపు, ఇక్కడ తలుపు అని బయటికి రానా? అదీ అంతే. ఆకాశం నుంచి సిగ్నల్ అందినంతసేపు దాన్ని నమ్ముకుంటుంది. మట్టిగుట్టల సందుల్లో, సొరంగాల్లో, వంతెనల కింద సిగ్నల్ తెగిపోతే చక్రాలు ఎంత తిరిగాయో చూసి, మ్యాపులో ఉన్న దారి వెంబడి బండిని ముందుకు జరుపుకుంటూ పోతుంది. ఎన్నో చోట్ల పరీక్షించి చూశాం. బయటికి వచ్చాక సిగ్నల్ కలిస్తే నాలుగైదు గజాల తేడా కూడా ఉండేది కాదు.

నీ ఉత్తరం అందాక ఆఫీసులో ఆ రోజు దారి తీసి చూశాను. ఎల్లన్న చెప్పింది అబద్ధం కాదు. కచ్చా రోడ్డులో సిగ్నల్ పోయింది, కారు మాత్రం ఆగుతూ సాగుతూ ముందుకు పోయి కాంపౌండు దగ్గర ఆగినట్టే ఉంది.

నొచ్చుకోకు అక్కా. బావ కల్లు మానేసి ఎన్నేళ్లయిందో నాకూ తెలుసు. కానీ మానకముందు ఆయన్ను అదే కాంపౌండు నుంచి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది నేనే. పక్కన మనిషి పోతున్నాడంటే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. ఆ భయంలో ఒక్క గుక్క కోసం ఆగాడేమో. అడిగే తీరుగా నువ్వు మెల్లగా అడిగి చూడు. తొందరపడకు. నిజం నిలకడ మీద తెలుస్తుంది.

కుమార్


గోదావరిఖని
24 జూలై 2025

యేసుకుమార్ గారికి,

గారు అని ఎందుకు రాశానంటే, ఈ ఉత్తరం నా తమ్ముడికి కాదు, పెట్టెల ఆఫీసు సారుకు రాస్తున్నాను.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పిమ్మన్నాడట ఇంకొకడు. మేము పంచాయితీలో తల వంచుకొని నిలబడితే నువ్వు పెట్టెలు అమ్ముకుంటున్నావు. పోనీ, తెలియక అన్నావు అనుకుందాం. తెలిసిన తర్వాత ఏం రాశావు? "ఒక్క గుక్క కోసం ఆగాడేమో." చేతులెట్లా వచ్చాయి రా ఆ మాట రాయడానికి? కాకిపిల్ల కాకికి ముద్దు, నీ పెట్టె నీకు ముద్దు. దాని ముందు అక్క మాటా, బావ మాటా పనికిరాకుండా పోయాయి. ఎల్లన్న తన కార్లన్నిటికీ నీ పెట్టెలే పెట్టిస్తానని ఆశ చూపాడని బస్తీలో అనుకుంటున్నారు. అందుకేనా ఆయన పక్షం మాట్లాడుతున్నావు? అవునంటే అవునని రాయి, నేను ఇంక అడగను.

నిజం నిలకడ మీద తెలుస్తుందట. తెలిసేదాకా మనిషి ఏం తిని, ఏ ముఖం పెట్టుకొని బతకాలి? నీ నిలకడ ఎట్లా ఉందో చెబుతాను విను. సారలమ్మ ఇంటికి పంపిన అన్నం గిన్నె మూత కూడా తీయకుండా వెనక్కి వచ్చింది. పోశం పేరు మీద పిట్టకు ముద్ద పెట్టే రోజు షిఫ్టు వాళ్లంతా పోయారు. మీ బావను పిలవలేదు. ఆయన తెల్లచొక్కా వేసుకొని గడప దగ్గర కూర్చున్నాడు, ఎవరైనా పిలుస్తారేమో అని. ఎవరూ పిలవలేదు. ఆదివారం చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకొని నిలబడ్డాడు. పాట ఎత్తుకునే మనిషి పెదవి కదపలేదు.

మెల్లగా అడగమన్నావుగా, అడిగాను. "నువ్వన్న నోరు తెరువు. అందరు ఏదేదో అంటున్నరు, నీకు రోషం లేదా?" అన్నాను. "ఏం చెప్పాలె గ్లోరియా? పోశం పోయిండు. నేనున్న" అన్నాడు. అంతే. ఆ మాటకు నాకు ఇంకా ఒళ్లు మండింది. తప్పు చేయనివాడు గొంతెత్తి అరవాలి గదా! ఈయన ఒక్కడికీ కోపం రాదు, ఈయన కోపం కూడా నేనే పడాలి.

ఇంకొకటి. నీకు చదువుంది, దీనికి సమాధానం చెప్పు. మర్నాడు తెల్లారి ఆ కారును మా వాకిట్లోనే కడిగాం. నీళ్లు పోసింది నేను. వెనక అంతా బాగానే ఉంది. ముందు చక్రాల పైన, అద్దాల దాకా, నల్ల బురద చిమ్మి పెళ్లలు కట్టింది. టైర్ల దగ్గర కాలిన రబ్బరు వాసన. కల్లు కాంపౌండుకు పోయేది సిమెంటు రోడ్డు. అక్కడ ఆ బురద ఎవరు చల్లారు? నీ పెట్టె చల్లిందా?

గ్లోరియా


హైదరాబాద్
28 జూలై 2025

అక్కా!

దొరికింది! అసలు సంగతి దొరికింది. నువ్వు రాసిన బురద మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ముందు చక్రాలే కదూ? ఆ కారును లాగేవి ముందు చక్రాలే. పెట్టె తీగ కలిపింది కూడా ముందు చక్రానికే, నా చేతులతో నేనే కలిపాను. బురదలో బావ యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా ఆ చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగాయి. కారు అంగుళం కదల్లేదు. పెట్టెకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? చక్రం తిరిగిందంటే బండి పోయిందనే దాని లెక్క. కదలిక పసిగట్టే ఇంకో ఏర్పాటు కూడా ఉంది గానీ, దిగబడిన బండి ముందుకూ వెనక్కూ ఊగుతుంటే అది కూడా బండి నడుస్తోందనే అనుకుంది. ఆయన తొక్కిన కొద్దీ పెట్టె కారును మ్యాపులో ముందుకు నడిపించుకుంటూ పోయింది. ఆయన తొక్కడం మానేసిన చోట ఆపింది. ఆ చోటు ఖర్మకొద్దీ కల్లు కాంపౌండు ముందు పడింది. ఇంకొంచెం తొక్కి ఉంటే ఏ స్కూలు ముందో, చర్చి ముందో ఆపేది!

మళ్లీ దారి తీసి చూశాను. నేను మొదట పట్టించుకోనిది ఒకటి కనిపించింది. సిగ్నల్ కలవగానే కారు కాంపౌండు నుంచి కచ్చా రోడ్డు మీదికి ఒక్క దూకు దూకింది. మధ్యలో దారి లేదు. కారు కప్పలా దూకదు కదా. అంటే అంతకుముందు చూపించిందంతా ఉత్త అంచనా. మా వాళ్లకు చూపిస్తే భలే కేసు దొరికిందని అందరూ చుట్టూ మూగారు. ఇన్ని పరీక్షలు చేశాం గానీ బొగ్గు బురదలో ఎవరూ పరీక్షించలేదు.

మేనేజరు మాత్రం ఇది బయట చెప్పొద్దన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆయన భయం. అందుకని పెద్దగా గోల చేయకుండా ఎల్లన్నకు ఫోన్లో విడిగా చెప్పేశాను. ఆయన సరే సరే అన్నాడు. ఇక అంతా సర్దుకుంటుంది.

ఎల్లన్న పెట్టెలు కొంటాడని ఆశపడి ఆయన పక్షం మాట్లాడానన్నావు. అది మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. కొంటాడని ఆశపడ్డ మాట నిజం. ఆ ఆశ కోసం బావను అమ్ముకునేవాణ్ణి కాదు.

ఉంటాను,
కుమార్


గోదావరిఖని
1 ఆగస్టు 2025

కుమార్‌కు,

భలే కేసా?

నీ ఉత్తరం ఎంత సంతోషంగా ఉందో! ఆశ్చర్యార్థకాలు ఎన్ని! మీ బావకు చదివి వినిపిద్దామని మొదలుపెట్టి, ఆ మాట రాగానే ఆపేశాను. అది పోశం ప్రాణం పోయిన చోటు రా. మీ ఆఫీసు వాళ్లు చుట్టూ మూగి చూసే వింత కాదు. బావ మీద నింద పోతుందన్న సంతోషం అయితే నేనూ నీతో పాటు ఎగిరేదాన్ని. నీ సంతోషం పెట్టె ఎందుకు తప్పిందో తెలిసినందుకు. ఆ తేడా నీకు అర్థం కాకపోతే నువ్వు ఎంత చదివీ ఏం లాభం?

ఎల్లన్నకు విడిగా చెప్పావా? విడిగా చెప్పినందుకు ఆయన ఏం చేశాడో తెలుసా? చాయ్ హోటల్లో పదిమందిలో కూర్చుని, "చూసిండ్రా, అక్క ఏడ్సిందని బామ్మర్ది మాట మార్చిండు" అని నవ్వాడు. మొన్నటి దాకా తోమాసు ఒక్కడే అబద్ధాలకోరు. ఇప్పుడు మన ఇంటిల్లిపాదీ అబద్ధాలకోర్లం. నువ్వు సర్దింది ఇదీ!

సారలమ్మ నిన్న మా గడప దాకా వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. "మొదలు మీ తమ్ముడు పెట్టె అబద్ధమాడదన్నడు. ఇప్పుడు ఆడిందంటున్నడట. అప్పటి మాట నమ్మాల్నా, ఇప్పటి మాట నమ్మాల్నా? నాకు ఎవలన్న ఒక్క మాట చెప్పుండ్రి. మా ఆయన ఏడ పోయిండు? బురదల పోయిండా, కల్లు దుకాణం ముంగట కుక్క లెక్క పోయిండా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? మీ బావ లోపల గదిలోంచి అన్నీ విన్నాడు. బయటికి రాలేదు.

ఇక విను. మీ మేనేజరు ఏమన్నాడో నాకు అక్కర్లేదు. బావను పదిమందిలో నిలబెట్టి, హాలంతా వినబడేటట్టు, నవ్వుతూ అన్నావు. దాన్ని విడిగా, గుసగుసగా వెనక్కి తీసుకుంటానంటే కుదరదు. అదే హాలు దగ్గరికి వచ్చి, అదే మనుషుల ముందు, నీ నోటితో చెప్పు. రాలేనంటే నాకు ఇంక ఉత్తరం రాయకు. తమ్ముడు లేడనుకుంటాను. నేను రాసిన మాట వెనక్కి తీసుకోనని నీకు తెలుసు.

గ్లోరియా


హైదరాబాద్
5 ఆగస్టు 2025

అక్కా,

శనివారం వస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత ఎల్లన్న మీద. మేనేజరు దగ్గరికి పోయి సెలవు అడిగితే, "ఊళ్లో పంచాయితీలకు మన కంపెనీ పేరెందుకు?" అన్నాడు. "పేరు అక్కర్లేదు సార్, నా నోరు చాలు" అన్నాను. సెలవు ఇచ్చాడో లేదో నాకే సరిగా తెలియదు. ఆయన తల అడ్డంగా ఊపాడు, నేను నిలువుగా అనుకొని బయటికి వచ్చాను.

భలే కేసు అన్నందుకు సిగ్గుగా ఉంది. ఎక్కువ రాయను.

హాలులో నేను మళ్లీ మాటలు చెబితే మళ్లీ మాట మార్చాడనే అంటారు. అందుకే అందరినీ ఆ కచ్చా రోడ్డుకే తీసుకుపోదాం. ఎల్లన్నను అదే కారు తెమ్మని ఆగయ్య కాక చేత చెప్పించు. బావే నడపాలి. కాక వెనక సీట్లో కూర్చుని తన కళ్లతో చూసి, హాలుకు వచ్చి అందరికీ చెప్పాలి. వానలు తగ్గలేదు కాబట్టి బురద అట్లాగే ఉంటుంది. సారలమ్మ అక్కను మాత్రం అక్కడికి రానివ్వొద్దు. ఆమె చూసి తట్టుకోలేదు.

కుమార్


గోదావరిఖని
12 ఆగస్టు 2025

కుమార్‌కు,

క్షేమంగా చేరినట్టు మెసేజి చూశాను. ఫోన్ ఎత్తేదాన్నే, కానీ ఇది ఫోన్లో చెప్పలేను.

ముందు ఎల్లన్న సంగతి. నువ్వు పోయిన సాయంత్రమే తాళాలు పట్టుకొని మా ఇంటికి వచ్చి, "రేపటి సంది డ్యూటీకి రమ్మను" అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు. "ఆ మాట గడపల కాదు, హాలుల చెప్పు" అన్నాను. గొణిగాడు. ఆగయ్య కాకను పిలిపించాను. చివరికి ఆదివారం అందరి ముందు నిలబెట్టి, "తోమాసు కాంపౌండు కాడికి పోలే, నాదే తప్పు" అనిపించాను. తప్పు అన్న మాట ఆయన నోట్లోంచి రావడానికి పన్ను పీకినంత పనైంది. తాళాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. మీ బావ ఇష్టం.

నువ్వు ఆ రోజు బాగా చేశావు, ఆ మాట చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. సారలమ్మను రానివ్వొద్దని నువ్వు రాశావు, నేనూ చెప్పి చూశాను. కాక కారెక్కబోతుంటే ఆమె వచ్చి తలుపు పట్టుకుంది. "కాకా, నువ్వు జరుగు. నా మొగడు కూసున్నకాడ నేను కూసుంట" అంది. ఎవరు ఆపగలరు? నేను ఆమె పక్కన ఎక్కాను. మీ బావ తొక్కడం, చక్రాలు గిర్రున తిరగడం, బురద కిటికీ దాకా ఎగరడం, నువ్వు ముందు సీట్లో కూర్చుని పెట్టె తెర చూపించడం, అన్నీ నీకు తెలిసినవే. నువ్వు అద్దం దించి, "ఎల్లన్నా, కారు ఇప్పుడు ఏడుంది? చూసి చెప్పు" అన్నప్పుడు ఎల్లన్న ముఖం మాత్రం నేను చచ్చేదాకా మరవను. మోకాళ్ల దాకా బురదలో, గొడుగు పట్టుకొని, కారుకు ఆనుకొని నిలబడి, తెరలోకి తొంగి చూసి, "కల్లు కాంపౌండు కాడ" అన్నాడు. అన్న తర్వాత తన కాళ్ల కింద చూసుకున్నాడు. వెనకున్న వాళ్లంతా గొల్లున నవ్వారు.

తెలియనప్పుడు తెలియదని చెప్పడం పెట్టెకు నేర్పాలి అని నువ్వు అన్నావు. నేర్పు. ముందు దాన్ని అమ్మేవాళ్లకు నేర్పు.

నువ్వు చూడనిది ఇది. ట్రాక్టరు కోసం మీరంతా తారు రోడ్డుకు నడిచి పోయారు, నువ్వు అటునుంచి అటే రామగుండం స్టేషనుకు పోయావు. కారులో మేము ముగ్గురమే మిగిలాం. మీ బావ స్టీరింగు పట్టుకొని ముందుకే చూస్తున్నాడు.

"అన్నా, ఆ దినం గిట్లనే ఉండెనా?" అంది సారలమ్మ.

"గిట్లనే. వాన ఇంకింత జోరుండె."

"ఆయన ఏ దిక్కు తల పెట్టిండు?"

"నువ్వున్న దిక్కే చెల్లె."

ఆమె సీటు మీద చెయ్యి పెట్టి నిమిరింది. "ఏమన్న అన్నడా?" అని అడిగింది.

మీ బావ స్టీరింగు వదిలి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. పంచాయితీలో లాగే నోరు విప్పడనుకున్నాను. తర్వాత వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"దిగకు తోమాసన్నా, నా పక్కన కూసో అన్నడు. నేను దిగిన చెల్లె. చక్రం కింద రాళ్లు పెట్టి వచ్చి తొక్కిన. రాలే. మల్ల దిగిన. దిగినప్పుడల్ల గదే మాట, దిగకు, నా పక్కన కూసో అని. ఎట్లన్న చేసి బండి తీస్తే బతుకుతడనుకున్న. ఆఖరుసారి రాళ్లు పెట్టి వచ్చి తలుపు తీసిన. అప్పటికే మాట లేదు. పక్కన కూసోమన్నోన్ని ఒక్కన్ని చేసిన."

అప్పుడు తెలిసింది నాకు, మొదటి భుజం దగ్గర ఆయన ఎందుకు పక్కకు జరిగాడో. బస్తీ అంతా చేయని తప్పుకు ఆయన్ను తిడుతుంటే, దెబ్బ తగిలినవాణ్ణి వదిలి కదిలానని ఆయన లోపల తనను తాను తిట్టుకుంటున్నాడు. ఇన్ని రోజులు ఒకే ఇంట్లో ఉండి, ఆయన మీద కూడా అరిచాను గదా నేను! నువ్వూ, నేనూ, ఎల్లన్నా, కాకా, అందరం కారు ఎక్కడికి పోయిందనే కొట్లాడుకున్నాం. ఆఖరుకు పోశం ఏమన్నాడని ఒక్కరమూ ఆయన్ను అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతోంది.

సారలమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు నడుముకు చెక్కుకుంది.

"నేనైతె గూడ దిగి నూకుతుంటి అన్నా" అంది.

అని తలుపు తీసుకొని బురదలోకి దిగింది. కారు వెనక్కి పోయి రెండు చేతులూ వేసి నెట్టడం మొదలుపెట్టింది. "ట్రాక్టరు వస్తది, ఆగు సారలమ్మా" అని అరిచాను. వినలేదు. మీ బావ కూడా దిగి ఆమె పక్కన నిలబడి భుజం ఆనించాడు. కారు కదల్లేదు. ట్రాక్టరు వచ్చేదాకా ఇద్దరూ నెడుతూనే ఉన్నారు.

అక్క